తన మాట తాను చెప్పుకోగలగడం

నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషికి తనపై ఉన్న ఆరోపణ ఏమిటో తెలియాలి. దాని పర్యవసానం అర్థం కావాలి. తన వకీలుతో మాట్లాడి, తన తరఫు మాట చెప్పుకోగలగాలి. ఈ శక్తి ఉంటేనే అతని మీద విచారణ సాగాలన్నది న్యాయశాస్త్రంలోని పాత నియమం. దీన్నే విచారణ సామర్థ్యం అంటారు. మానసిక వ్యాధి వల్ల ఆ శక్తి పోతే విచారణ ఆగుతుంది. వైద్యం వల్ల, శిక్షణ వల్ల తిరిగి వస్తే విచారణ మళ్లీ మొదలవుతుంది. ఆలోగా ఆ మనిషి ఎక్కడ ఉండాలి? జైలులోనా, తాళం వేసిన ఆసుపత్రి వార్డులోనా, తన ఊళ్లో తనవాళ్ల మధ్యా? పైకి ఇది పరిపాలన సమస్యలా కనిపిస్తుంది. దాని అడుగున మాత్రం ఒక తాత్విక ప్రశ్న ఉంది: మాట పోగొట్టుకున్న మనిషికి మాట తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఎవరిది? ఆ పని ఎవరి కోసం జరగాలి?

ముందుగా రెండు సంగతులను విడదీసి చూడాలి. నేరం జరిగిన వేళ మనిషికి మతి స్థిమితంగా ఉందా అన్నది ఒకటి. అది గతానికి చెందిన ప్రశ్న; అతని బాధ్యతను తేలుస్తుంది. విచారణ రోజున అతనికి జరుగుతున్నది అర్థమవుతోందా అన్నది రెండోది. అది ఈనాటి ప్రశ్న. విచారణ న్యాయంగా సాగగలదా అన్నదాన్ని తేలుస్తుంది. నేరం చేసిన నాడు నిబ్బరంగా ఉన్నవాడు విచారణ నాటికి చెదిరిపోయి ఉండవచ్చు. ఏ నేరమూ చేయనివాడు ఆ సంగతి చెప్పుకోలేని స్థితిలో ఉండవచ్చు. సామర్థ్యం లేదని తేలినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. చట్టం దృష్టిలో అతడు ఇంకా నిర్దోషే. ఈ చిన్న నిజాన్ని మరిచిపోవడం వల్ల ఎన్నో జీవితాలు గోడల మధ్య ముగిసిపోయాయి.

వాదానికి ఇద్దరు కావాలి

గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా చెప్పాయి. సత్యం తేల్చుకోవడానికి ఇద్దరు ప్రమాణాలతో, తర్కంతో సాగించేది వాదం. గెలుపు కోసమే సాగేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. తెలుగు నేలమీది కోర్టుల్లో నేటికీ వినిపించే వాది, ప్రతివాది అనే పదాలు ఆ వాదానికి బంధువులే. వ్యాధి వల్ల ప్రతివాది నోరు పెగలనప్పుడు కోర్టు గదిలో వాదం ఉండదు, ఒక పక్షం ఆరోపణ మాత్రమే ఉంటుంది. అలా వచ్చిన తీర్పు యాదృచ్ఛికంగా నిజమే కావచ్చు. కానీ ఆ నిజాన్ని ఎవరూ పరీక్షించలేదు.

ధర్మశాస్త్రకారులకు ఈ సంగతి తెలుసు. మత్తులో ఉన్నవారు, ఉన్మత్తులు, రోగంతో బాధపడుతున్నవారు, పిల్లలు, భయపడినవారు నడిపిన వ్యవహారం చెల్లదని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. అక్కడ వ్యవహారం అంటే న్యాయసభలో నడిచే వ్యాజ్యం. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగులోకి తెచ్చాడు. వ్యవహారం చెల్లదనడం బలహీనుడికి రక్షణే. అయితే ఆ రక్షణ అంతటితో ఆగిపోతే అతడు వ్యవహారలోకానికి శాశ్వతంగా వెలుపలే మిగులుతాడు. చెల్లని మాటను చెల్లే మాటగా మార్చే దారి కూడా చూపాలి.

ఇంగ్లండులో ఇదే ఆలోచన మరో దారిలో పెరిగింది. నిందితుడు నేరం ఒప్పుకుంటున్నాడో లేదో చెప్పకుండా మౌనంగా నిలబడితే, అది మొండితనమా, దైవికంగా వచ్చిన అశక్తతా అని జ్యూరీ తేల్చేది. మొండితనమని తేలితే ఒంటిమీద బరువులు పెట్టి నొక్కే క్రూరమైన పద్ధతి 1772 దాకా చట్టంలో ఉంది. అశక్తత అని తేలితే విచారణ ఆగేది. 1769లో వెలువడిన తన వ్యాఖ్యాన గ్రంథం నాలుగో సంపుటంలో న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ ఈ నియమానికి కారణం చెప్పాడు: మతి తప్పినవాడు తగిన జాగ్రత్తతో సమాధానం ఇవ్వలేడు, తనను తాను కాపాడుకోలేడు. మౌనం వెనక ఏముందో తెలుసుకోకుండా శిక్షించకూడదన్న మెలకువ అప్పటికే మొలకెత్తింది.

తొమ్మిది డాలర్ల కేసు

ఆ నియమం అమెరికాకు వెళ్లి అక్కడ స్పష్టమైన రూపం తీసుకుంది. 1960లో డస్కీ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు చాలా చిన్న తీర్పు ఇచ్చింది. నిందితుడికి తేదీ, స్థలం తెలిసి, జరిగిన సంఘటనలు కొన్ని గుర్తుంటే చాలదని అందులో తేల్చింది. వకీలుతో వివేకంతో సంప్రదించగల శక్తి ఆ సమయానికి ఉండాలి. తనపై సాగుతున్న చర్యల గురించి వాస్తవమైన ఎరుకతో పాటు హేతుబద్ధమైన అవగాహనా ఉండాలి. ఉదాహరణకు, న్యాయమూర్తి ఎవరో చెప్పగలిగిన మనిషి, ఆ న్యాయమూర్తి తన ఆలోచనలను రేడియోలో ప్రసారం చేస్తున్నాడని నమ్ముతూ ఉంటే అతనికి ఎరుక ఉంది, అవగాహన లేదు.

విచారణ ఆగితే మనిషి ఏమవుతాడన్న ప్రశ్న 1972లో జాక్సన్ కేసులో ముందుకు వచ్చింది. ఇండియానా రాష్ట్రానికి చెందిన జాక్సన్‌కు వినిపించదు, మాట రాదు, చదవలేడు, రాయలేడు. బుద్ధి ఎదుగుదల కూడా తక్కువ. రెండు దొంగతనాల ఆరోపణలు ఉన్నాయి. ఒకదాని విలువ నాలుగు డాలర్లు, రెండోదాని విలువ ఐదు డాలర్లు. అతనికి సామర్థ్యం రాదని వైద్యులు చెబుతున్నా, సామర్థ్యం వచ్చేదాకా ఆసుపత్రిలో ఉంచాలని కింది కోర్టు ఆదేశించింది. తొమ్మిది డాలర్లకు యావజ్జీవం అన్నమాట. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సామర్థ్యం వచ్చే అవకాశం ఉందో లేదో తేల్చుకోవడానికి సమంజసమైన గడువుకు మించి నిర్బంధించరాదని, అవకాశం లేకపోతే మామూలు పౌరులకు వర్తించే చికిత్సా చట్టాల ప్రకారమే నడుచుకోవాలని, లేదంటే వదిలిపెట్టాలని చెప్పింది. దయ పేరుతో మొదలైన నియమం శిక్షకన్నా పెద్ద శిక్షగా మారగలదని ఆ కేసు లోకానికి చూపింది.

కోలుకోవడంలోని చిక్కుముడి

వైద్యం మామూలుగా రోగి మేలు కోసం జరుగుతుంది. విచారణ సామర్థ్యం కోసం జరిగే వైద్యం మాత్రం కోర్టు అవసరం కోసం మొదలవుతుంది. రోగి ఎంత కోలుకుంటే శిక్షకు అంత దగ్గరవుతాడు. ఈ వైద్యం చేసే డాక్టరుకు ఇద్దరు యజమానులు: ఒకరు ఎదుట కూర్చున్న రోగి, మరొకరు నివేదిక కోసం ఎదురుచూస్తున్న న్యాయస్థానం. ప్రతి మనిషినీ గమ్యంగా చూడాలి, పనిముట్టుగా వాడకూడదన్న తత్వవేత్త కాంట్ సూత్రం ఇక్కడ నిలుస్తుందా?

2003లో సెల్ కేసు ఈ ముడిని నేరుగా తాకింది. మిస్సౌరీకి చెందిన ఒక దంతవైద్యుడిపై బీమా మోసం ఆరోపణ వచ్చింది. అతడు మందులు వద్దన్నాడు. విచారణ కోసం బలవంతంగా మందులు ఇవ్వవచ్చా అన్నది ప్రశ్న. సుప్రీంకోర్టు తలుపు మూయలేదు, బార్లా తెరవనూ లేదు. ప్రభుత్వ ప్రయోజనం ముఖ్యమైనదై ఉండాలి; మందు వల్ల సామర్థ్యం వచ్చే అవకాశం బలంగా ఉండాలి, దుష్ఫలితాలు అతని రక్షణ వాదాన్ని దెబ్బతీయకూడదు; అంతకన్నా సున్నితమైన మార్గం లేకపోవాలి; వైద్యపరంగా అది అతనికి తగినదై ఉండాలి. మందు మనిషిని కోర్టుకు తేగలదు గానీ, మనసారా సమాధానం చెప్పేలా చేయాలంటే అతని సమ్మతి కావాలి అన్న గుర్తింపు ఈ షరతుల వెనక ఉంది.

కాంట్ సూత్రంతో ఈ పద్ధతిని సమాధానపరచే దారి ఒకటే. విచారణ అనేది మనిషిని దండించడానికి ముందు జరిగే తంతు అనుకుంటే, అతన్ని నయం చేసి దండించడం వట్టి క్రూరత్వం. విచారణ అంటే నీ మీద ఈ మాట వచ్చింది, దీనికి నువ్వేమంటావు అని సమాజం ఒక సభ్యుణ్ణి గౌరవంగా అడగడం అనుకుంటే అర్థం మారుతుంది. అప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి అతని హక్కు అవుతుంది. ఆ శక్తితోనే అతడు తాను నిర్దోషినని నిరూపించుకోవచ్చు, తప్పు జరిగితే ఒప్పుకోవచ్చు, క్షమాపణ అడగవచ్చు. సామర్థ్యాన్ని తిరిగి ఇవ్వడం అతనికి జరిగే మేలుగా ఉన్నప్పుడే కోర్టుకు దాన్ని కోరే నైతిక అర్హత ఉంటుంది.

జనం మధ్య ఎందుకు

అమెరికాలో చాలాకాలం సామర్థ్యం పునరుద్ధరణ అంటే రాష్ట్ర మానసిక ఆసుపత్రిలో చేర్చడమే. పడకలు తక్కువ, వచ్చేవారు ఎక్కువ. దాంతో తీర్పు లేని మనుషులు జైలు గదుల్లో పడక కోసం వారాలు, నెలలు ఎదురుచూశారు. ఒరెగాన్ రాష్ట్రంలో అలాంటివారిని 7 రోజుల్లోగా ఆసుపత్రికి చేర్చాలన్న ఆదేశాన్ని 2003లో ఫెడరల్ అప్పీలు కోర్టు సమర్థించింది. 2015లో వాషింగ్టన్ రాష్ట్రం విషయంలో కూడా అలాంటి ఆదేశమే వచ్చింది. అంతకుముందే, 1999లో ఓల్మ్‌స్టెడ్ కేసులో, జనం మధ్య బతకగలవారిని అవసరం లేకుండా సంస్థల్లో బంధించడం వివక్షే అవుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటి ఒత్తిళ్లు మూడో దారికి, అంటే జనం మధ్యే సామర్థ్యాన్ని తిరిగి ఇచ్చే పద్ధతికి, తోవ చూపాయి. టెక్సస్ 2007లో చట్టం చేసి ప్రయోగాత్మకంగా దాన్ని మొదలుపెట్టింది; తరవాత అనేక రాష్ట్రాలు ఆ బాట పట్టాయి.

ఈ పద్ధతిలో ప్రమాదం తక్కువని న్యాయమూర్తి భావించిన నిందితుడు ఇంట్లోనో, సహాయక వసతిలోనో ఉంటాడు. క్రమం తప్పకుండా మానసిక వైద్యుణ్ణి కలుస్తాడు. ఒక కార్యకర్త అతని మందులు, వసతి, వాయిదా తేదీలు చూసుకుంటాడు. వారంలో కొన్ని గంటలు కోర్టు పాఠాలు ఉంటాయి: న్యాయమూర్తి పని ఏమిటి, ప్రాసిక్యూటర్ ఎవరి తరఫున మాట్లాడతాడు, వకీలుకు చెప్పిన రహస్యం ఎందుకు బయటికి పోదు, నేరం ఒప్పుకుంటే ఏం వదులుకున్నట్టు. ఒక్కోసారి నమూనా విచారణ కూడా నడిపిస్తారు. నిర్ణీత గడువుల్లో నిపుణులు పరీక్షించి కోర్టుకు నివేదిక ఇస్తారు.

ఇందులో ఖర్చు తగ్గుతుందన్న వాదన ఉంది, అది నిజమే. అంతకన్నా లోతైన కారణం సామర్థ్యం స్వభావంలోనే ఉంది. వకీలుతో మాట్లాడటం అంటే ఒక అపరిచితుణ్ణి నమ్మడం. ఆరోపణను అర్థం చేసుకోవడం అంటే రోజుల లెక్క, కారణాల వరస మనసులో నిలవడం. ఈ శక్తులు రోజువారీ బతుకులో పెరుగుతాయి: పొద్దున్నే లేవడం, బస్సు పట్టుకోవడం, ఎవరో పేరు పెట్టి పిలవడం, అన్నం తిన్నావా అని అడిగే మనిషి ఉండటం. జైలు గదిలో ఒంటరితనం వీటినే ముందుగా తినేస్తుంది. ఆసుపత్రిలో కుదుటపడి జైలుకు తిరిగి వెళ్లి మళ్లీ చెదిరిపోయిన మనుషుల అనుభవం ఆ దేశంలో పదేపదే కనిపించింది. నేర్చుకున్న చోటికీ నిలబెట్టుకోవలసిన చోటికీ మధ్య దూరం లేకపోవడమే ఊరి మధ్య జరిగే పునరుద్ధరణకు ఉన్న బలం.

భారతంలోని నలుని కథ ఈ సత్యాన్ని మరో భాషలో చెబుతుంది. కలి ఆవహించి రాజ్యాన్నీ భార్యనూ పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో సారథిగా పనిచేస్తూ, గుర్రాలను తోలుతూ, ఒక విద్య ఇచ్చి మరో విద్య పుచ్చుకుంటూ ఉండగా కలి అతన్ని విడిచిపోయాడు. మానసిక వ్యాధిని ఏదో ఆవహించడంగా చూడటం తప్పు. వ్యాధికి వైద్యమే కావాలి. ఆ కథలో గమనించవలసింది మరొకటి. అతడు మళ్లీ తానయింది చెరలో కాదు, పనిలో. ఏకాంతంలో కాదు, ఇచ్చిపుచ్చుకోవడంలో. అలా తానయ్యాకే పుష్కరుడి ఎదుట మళ్లీ నిలిచి, పోయినదానికి లెక్క తేల్చుకున్నాడు.

ఆక్షేపణలు

ఈ పద్ధతిపై వచ్చే ఆక్షేపణలు తేలికైనవి కావు. మొదటిది బాధితుల భద్రత. దెబ్బ తిన్నవారి వీధిలోనే నిందితుడు తిరుగుతుంటే వారి భయానికి విలువ ఇవ్వాలి. అందుకే నేరం తీవ్రత, పాత ప్రవర్తన, మందులపై నిలకడ చూసి ఎంపిక జరగాలి. అందరికీ ఒకే మార్గం తగదు.

రెండోది బట్టీ పాఠాల ప్రమాదం. న్యాయమూర్తి పని తీర్పు ఇవ్వడం అని అప్పజెప్పగలిగితే సామర్థ్యం వచ్చిందని రాసేయడం సులువు. డస్కీ తీర్పు కోరింది అప్పజెప్పడాన్ని కాదు, అవగాహనను. వసతి, ఉపాధి, వైద్యం లేకుండా పాఠాలు మాత్రమే చెబితే కోర్టు వాయిదాకు పనికివచ్చే మనిషి తయారవుతాడు, బతుక్కి పనికివచ్చే మనిషి తయారు కాడు.

మూడోది, ఎంత ప్రయత్నించినా కొందరికి సామర్థ్యం రాదు. తీవ్రమైన మేధో వైకల్యం, ముదిరిన మతిమరపు వ్యాధి ఉన్నవారిని ఏళ్లతరబడి పాఠశాలలో కూర్చోబెట్టడం న్యాయం అనిపించుకోదు. వారి విషయంలో జాక్సన్ తీర్పు చూపిన గడువే ధర్మం.

నాలుగోది అన్నిటికన్నా మౌలికం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, వైకల్యం ఉన్నవారికి అందరితో సమానంగా చట్టబద్ధ సామర్థ్యం ఉందని ప్రకటించింది. భారతదేశం 2007లో దాన్ని ధ్రువీకరించింది. ఆ ఒడంబడిక దృష్టిలో, సామర్థ్యం ఉందా లేదా అని అడగడం కన్నా, సామర్థ్యాన్ని వినియోగించుకోవడానికి ఏ తోడ్పాటు కావాలి అని అడగడం సరైనది. కళ్లజోడు పెట్టుకుంటే చదవగలిగేవారిని నిరక్షరాస్యులు అనరు. సరళమైన భాష, తరచు విరామాలు, నమ్మకస్తుడైన తోడు, ఓపికగల వకీలు ఉంటే తన మాట చెప్పుకోగలిగే మనిషిని అసమర్థుడు అనడం కూడా అలాంటిదే. ఊరి మధ్య పునరుద్ధరణ ఈ ఆలోచనకు దగ్గరగా వస్తుంది. లోపమంతా నిందితుడి తలలోనే ఉందని అది అనుకోదు. అతని చుట్టూ ఉన్న ఆసరాను కూడా సరిచేస్తుంది.

మన చట్టంలో

భారతీయ చట్టాలకు ఈ స్పృహ కొత్త కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సాధారణంగా మతిస్థిమితం లేని మనిషి కూడా స్థిమితంగా ఉన్న వేళ ఒప్పందం చేసుకోవచ్చని చెప్పింది. సామర్థ్యం వచ్చిపోయేదని, మనిషికి శాశ్వతంగా అంటించే ముద్ర కాదని దాని అర్థం. 2018 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మరో అడుగు వేసింది. మానసిక వ్యాధి ఉన్నవారికి కూడా తమ చికిత్స గురించి నిర్ణయించుకునే సామర్థ్యం ఉన్నట్టే భావించాలని, వ్యాధి నిర్ధారణ అయినంత మాత్రాన మతిస్థిమితం లేనివారని అనుకోరాదని అది చెబుతుంది. సమాజంలో బతికే హక్కును 19వ సెక్షన్ గుర్తించింది.

నేర విచారణ విషయంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను 2008లో సవరించారు. ఆ నియమాలే 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 367వ సెక్షన్ మొదలుకొని కొనసాగుతున్నాయి. నిందితుడు తన వాదన చెప్పుకోలేని స్థితిలో ఉన్నా, ప్రాథమిక ఆధారాలు లేకపోతే కేసు వాయిదా వేయకుండా అతన్ని విడుదల చేయాలి. ఆధారాలు ఉండి, ఆసుపత్రిలో ఉంచవలసినంత వ్యాధి కాకపోతే, నేరం బెయిలుకు వీలైనదైనా కాకపోయినా బెయిలు ఇవ్వాలి. ఒక షరతు ఉంది: దగ్గరలోని వైద్య కేంద్రంలో క్రమం తప్పకుండా చికిత్స చేయిస్తామని, తనకుగానీ ఇతరులకుగానీ హాని జరగకుండా చూస్తామని బంధువో స్నేహితుడో పూచీ పడాలి. కోలుకున్నాక విచారణ తిరిగి సాగుతుంది. అమెరికా రాష్ట్రాలు ప్రయోగంగా మొదలుపెట్టినది మన సెక్షన్లలో ఈ రూపంలో ఉంది.

అయితే ఆ ఒక్క షరతే చాలామందికి తలుపు మూసేస్తుంది. పూచీ పడే బంధువు లేనివాడి సంగతేమిటి? అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే గిరిజన యువకుణ్ణి 1951లో నిర్బంధించి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో వైద్యులు అతడు కోలుకున్నాడని చెప్పారు. ఇంటికి వెళ్లవలసినవాణ్ణి మళ్లీ జైలుకు చేర్చారు. విచారణ లేకుండానే 54 ఏళ్లు గడిచాయి. 2005లో ఒక్క రూపాయి సొంత పూచీకత్తుపై విడిచిపెట్టారు. వైద్యం తన పని చేసింది. అతన్ని గుర్తుంచుకుని అడిగే మనిషి మాత్రం బయట లేకపోయాడు.

తెలుగు రాష్ట్రాల్లో మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు అనే పేర్లను జనం తిట్టుగా వాడుతుంటారు. వైద్యం జరిగే చోటు పేరే ఎగతాళిగా మారిన సమాజంలో, అక్కడి నుంచి తిరిగి వచ్చిన మనిషికి పూచీ పడటానికి సొంతవాళ్లే వెనకాడతారు. పూచీ పడిన కుటుంబం కూడా మందుల కోసం జిల్లా ఆసుపత్రికి, వాయిదాల కోసం కోర్టుకు తిరగలేక అలసిపోతుంది. ఈ బరువును తల్లుల మీద, భార్యల మీద వదిలేసి దానికి సమాజ సంరక్షణ అని పేరు పెట్టడం సరికాదు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది. వైకల్యం ఉన్నవారికి, మానసిక ఆసుపత్రి నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. డాక్టరు, ఉచిత న్యాయవాది, సామాజిక కార్యకర్త ఒకే కేసు కాగితం ముందు కలిసి కూర్చుంటే, బంధువు లేని మనిషికి ఒక సంస్థ పూచీ పడే ఏర్పాటు ఉంటే, సెక్షన్లలో ఉన్న దారి నడవదగిన దారి అవుతుంది.

మాట్లాడలేనివాణ్ణి విచారించరాదన్నది న్యాయానికి ఉన్న కనీస సిగ్గు. మాట్లాడగలిగేలా చేయడం దాని ధర్మం. ఆ ధర్మం న్యాయమూర్తి ఒక్కడి వల్లా, డాక్టరు ఒక్కడి వల్లా నెరవేరదు. వాయిదా రోజున తోడు వెళ్లే పక్కింటివారు, పని ఇచ్చే యజమాని, కోలుకుని వచ్చినవాణ్ణి పాత పేరుతోనే పిలిచే ఊరు కూడా అందులో భాగస్వాములు. అలాంటి ఊరు ఉన్నచోటనే చట్టం ఇచ్చిన సామర్థ్యం మనిషి చేతికి అందుతుంది.